కొమ్ములో నీళ్లు పోసేవాడు

పడవ రేవు వదిలేటప్పుడు అగాపితో ఒవెలార్ వెనక్కి తిరిగి చూడలేదు. ఒళ్లో ఉన్న ఫ్లాస్కు మూత బిగిసి ఉందో లేదో చూసుకున్నాడు. ఆ నీళ్లు, నిన్నటి నుంచి తలదాచుకున్న రాయబార కార్యాలయం వంటింట్లో కాచినవి. వాళ్ల గ్యాసు పొయ్యి తనకు అలవాటు లేదు. మరగక ముందే దించానా, మరిగాక దించానా అని మెట్లు దిగేటప్పటి నుంచీ అనుమానంగానే ఉంది. మరిగిన నీళ్లు పోస్తే, టీలా తాగే యెర్బా ఆకు మాడిపోతుంది, మొదటి గుక్కలోనే నాలుకకు తెలుస్తుంది. ముప్పై ఐదేళ్లలో తన చేతిమీదుగా అలా జరిగింది ఒక్కసారే, మొన్న శుక్రవారం. దాని గురించి ఇప్పుడు ఆలోచించకూడదనుకుని, ఫ్లాస్కును మోకాళ్ల మధ్య నిలబెట్టి, సంచిలోంచి, ఆకు నానబెట్టి తాగే ఆవు కొమ్ము తీశాడు. ఎదుటి బల్ల మీద జనరల్ ఎవారిస్తో గావిలాన్ తన పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. ఇరవై మూడేళ్లు దేశాన్ని ఏలిన మనిషి, నిన్న తెల్లవారుజాము నుంచి ఏలడం లేదు. ఒంటిమీద ఉన్నది రాయబారి కోటు. దాని చేతులు పొడుగు, వేళ్ల చివర్లే బయటికి కనిపిస్తున్నాయి. ఆవలి ఒడ్డు మరో దేశం. ఏటికి ఎదురుగా వెళ్లి వాళ్ల రేవు చేరడానికి గంట పడుతుందని పడవవాడు తోలెదో చెప్పాడు. కొత్తగా గద్దె ఎక్కినవాళ్లు జనరల్‌కు ఇచ్చినవి ఒక పడవ, రెండు పెట్టెలు, వెంట ఒక మనిషి. ఆ మనిషి అగాపితో.

రేవులో తాడు కట్టి అవతల నిలబెట్టిన జనం నలభైమంది ఉంటారేమో. ఎవరూ కేకలు పెట్టలేదు. ఒకామె మాత్రం తాడు కిందుగా వంగి ఇవతలికి వచ్చింది. సార్జెంటు అడ్డుకోలేదు, వయసు చూసి కాబోలు. జనరల్ పక్కనుంచే, అక్కడ ఆయన లేనట్టే నడిచివచ్చి అగాపితో చొక్కా చెయ్యి పట్టుకుంది. దెల్ఫీనా, లీదియో సోసా పెళ్లాం. ముగ్గురిదీ ఒకటే ఊరు, యుకేరీ. "బతికున్నాడా అని అడగట్లేదు అన్నయ్యా. ఎక్కడ? అదొక్కటి చెప్పి పో" అంది. "జరుగు దెల్ఫీనా, పడవ కదిలిపోతోంది" అన్నాడు. పడవ కదల్లేదు. ఇంజను అందుకోవడానికి ఇంకో పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ ఆమె రేవు చెక్కల మీదే నిలబడి ఉంది, తను పెట్టెలు సర్దుతూ ఉన్నాడు, రెండు పెట్టెలను ఎన్ని రకాలుగా సర్దవచ్చో అన్ని రకాలుగానూ. లీదియోను పట్టుకుపోయి నాలుగు నెలలయింది. ఆమె పోలీసు ఠాణాకు వెళ్లింది, చర్చికి వెళ్లింది, రైల్వే ఆఫీసుకు వెళ్లింది, ఆ పేరుతో కాగితమే లేదన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, కాగితం లేదు. లీదియో ఎక్కడికి వెళ్లాడో అగాపితోకు తెలుసు. చోటు పేరు తెలుసు, తేదీ తెలుసు, ఎవరి నోటిమాట మీద తీసుకెళ్లారో తెలుసు. ఆవలి ఒడ్డున జనరల్‌తో పాటు తను దిగితే, ఆ తెలిసిందంతా తనతోనే దిగిపోతుంది.

కొమ్ములో మూడొంతుల దాకా ఆకు పోసి, అరచేత్తో మూసి తలకిందులు చేసి ఆడించాడు. పొడి చేతికి అంటింది, ఊదేశాడు. ఆకు ఒక పక్కకు వాలేలా చేసి, ఖాళీ పక్కన లోహపు గొట్టం దించి, నీళ్లు పోశాడు. మొదటి కొమ్ము పోసేవాడిదే. అందులో దుమ్ము ఉంటుంది, చేదు ఎక్కువ, అది ఇంకొకరికి ఇవ్వడం మర్యాద కాదు. కొన్ని ఇళ్లలో దానికి ఇంకో కారణం కూడా ఉంటుంది, జనరల్ ఇంట్లో ఉండేది, అందులో ఏం కలిసి ఉన్నా మొదట పోయేది పోసేవాడే. పీల్చాడు. మాడలేదు. నీళ్లు సరిగ్గానే దించాడు. అడుగున గరగరమని చప్పుడు వచ్చేదాకా పీల్చి, మళ్లీ నింపి, గొట్టం కొస జనరల్ వైపు తిప్పి అందించాడు. జనరల్ చెయ్యి చాచలేదు. కొమ్మును చూస్తూ ఉండిపోయాడు. రెండేళ్ల నుంచి ఆయన ఇందులో తాగలేదు. ఆయనది వెండి గిన్నె, వెండి గొట్టం, వాటి మీద ఆయన పేరు. నిన్న తెల్లవారుజామున అధ్యక్ష భవనం వెనక తలుపునుంచి బయటపడేటప్పుడు అది బల్ల మీదే ఉండిపోయింది. ఈపాటికి ఎవరో తీసుకునే ఉంటారు. "ఇదొక్కటే ఉంది జనరల్ గారూ" అన్నాడు అగాపితో. జనరల్ కోటు చేతిని పైకి లాక్కుని కొమ్ము అందుకున్నాడు.

ఈ కొమ్ము కాదు, దీనికి ముందుది, దాని అంచు విరిగి ఉండేది, పడమటి ఎండునేలలో యుద్ధం జరిగినప్పటిది. అప్పుడు ఆయన లెఫ్టినెంటు గావిలాన్, ఇరవై ఎనిమిదేళ్లు. తనకు ఇరవై ఒకటి. లీదియోకు పద్దెనిమిది నిండలేదు, నిండాయని చెప్పి చేరాడు. దళంలో పదకొండుమంది మిగిలారు, నీళ్ల బండి మూడు రోజుల వెనక ఎక్కడో కూలబడింది. అక్కడ తుపాకీతో చచ్చినవాళ్ల కంటే దాహంతో చచ్చినవాళ్లే ఎక్కువ, ఈ సంగతి విజయోత్సవాల్లో ఎవరూ చెప్పరు. మూడోరోజు లీదియో ఒక తీగ పట్టుకుని దాని వెంట పాకి, బాయొనెట్‌తో తవ్వి, మనిషి తలకాయంత దుంప పైకి తీశాడు. గీరి పిండితే నీళ్లు వస్తాయని వాళ్ల తాత చెప్పాడట. వచ్చాయి. అవి నీళ్లే అని ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు. అవి కొమ్ములో పోసి, లెఫ్టినెంటు మొదట లీదియోకు ఇచ్చాడు, తర్వాత గాయపడినవాళ్లకు, తర్వాత మిగతావాళ్లకు. అందరూ అదే గొట్టం. ఒకడి పెదవులు పగిలి గొట్టానికి నెత్తురంటింది, తర్వాతివాడు తుడవకుండానే పీల్చాడు. లెఫ్టినెంటు ఆఖర్న తాగాడు. ఆయన వంతుకు వచ్చింది ఒక గుక్క. ఆ గుక్క తాగి, "ఒరేయ్ ఒవెలార్, నీ చేతులు వణకట్లేదు. ఇవాల్టి నుంచి పోసేవాడివి నువ్వే" అన్నాడు. ఇంతే జరిగింది. అందులో అబద్ధం లేదు. తర్వాత విన్నవన్నీ కలిపినా ఆ ఒక్క గుక్క నిజమే, దానికి తనే సాక్షి, అందుకే ఆ తర్వాత చాలా ఏళ్లు మరేదీ చూడనక్కర్లేదనిపించింది.

తోలెదో ఇంజను నెమ్మది చేశాడు. పొగమంచులోంచి గుర్రపుడెక్క తెప్ప ఒకటి వస్తోంది, పెరడంత ఉంది, దాని మీద రెండు కొంగలు. పక్కకు తప్పించి పోనిచ్చాడు. తోలెదోకు నలభై ఏళ్లుంటాయి, ఈ రేవుకూ ఆ రేవుకూ కోళ్లు, సబ్బులు, మనుషులు చేరవేసేవాడు. ఇవాళ మిలిటరీవాళ్లు వచ్చి నీ పడవ కావాలంటే ఎవరికని అడగలేదట, ఎక్కాక చూశాడు. "ఈ తెప్పలకు పాస్‌పోర్టు అడిగేవాడు లేడు పెద్దాయనా, ఎటు కావాలంటే అటు" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు. జనరల్ నదిలోకే చూస్తూ పీల్చాడు. గొట్టం అడుగు గరగరమనగానే కొమ్ము తిరిగి ఇచ్చాడు. అగాపితో నింపి తోలెదోకు అందించాడు. ఒకడు చూస్తుండగా వాడిని వదిలేసి తాగడం ఈ నది రెండు ఒడ్డుల్లోనూ లేదు, పక్కన కూర్చున్నవాడు ఎవరైనా వరసలో ఉన్నట్టే. తోలెదో ఒక చేత్తో చుక్కాని పట్టుకుని పీల్చాడు. "మంచి ఆకు. అధ్యక్ష భవనం ఆకేనా మామా?" "యుకేరీది. ఊరినుంచి మావాళ్లు పంపుతారు." "అదీ సంగతి. అధ్యక్ష భవనం ఆకు ఇంత బాగుంటే ఇన్నాళ్లూ మా దగ్గరికి రాకపోవడమేంటని." జనరల్ నవ్వాడు, లేదా దగ్గాడు. పొగమంచులో సరిగ్గా తెలియలేదు.

ఆ పదకొండుమంది కథ యుద్ధం అయ్యాక సైనికుల బారకాసుల్లోంచి సంతల్లోకి వెళ్లింది. ప్రతి సంతలోనూ ఇద్దరు ముగ్గురు చేరేవారు. పన్నెండేళ్లకు అది నలభైమంది కథ అయింది, దుంప బదులు బావి వచ్చింది, లెఫ్టినెంటు ఆరు రోజులు తాగలేదు. అప్పటికి ఆయన కర్నల్. గోడల మీద సున్నంతో 'ఆఖర్న తాగినవాడు' అని రాసేవారు, పేరు రాయనక్కర్లేకపోయింది. మే నెలలో ఒక ఉదయం మూడు లారీలతో వెళ్లి అధ్యక్ష భవనం స్వాధీనం చేసుకున్నాడు. తూటా పేలలేదు. పాత అధ్యక్షుడు గడ్డం గీసుకుంటున్నాడు, సగం గీసుకున్న గడ్డంతోనే కారెక్కాడు. అగాపితో ఆ రోజు కెటిల్ పట్టుకుని రెండో లారీలో ఉన్నాడు. మొదటి సంవత్సరం వసారాలో ఉదయం ఐదింటికి వరస మొదలయ్యేది, ఎవరైనా రావచ్చు. చెరకు నరికేవాళ్లు వచ్చారు, బిషప్పు వచ్చాడు, ఒకసారి బండివాడొకడు ఎద్దులను గేటుకు కట్టేసి వచ్చి కూర్చుని, బిషప్పు తాగిన గొట్టంతోనే తాగి, మా ఊరికి వంతెన కావాలన్నాడు. వంతెన వేశారు. అది ఇప్పటికీ ఉంది. పడమటికి రోడ్డు వేశారు, యుకేరీకి కరెంటు వచ్చింది, అమ్మ ఆ బల్బు కింద ఒక కుర్చీ వేసుకుని కూర్చుని ఏమీ చెయ్యకుండా దాన్నే చూసింది. అవన్నీ జరిగాయి. ఆ తర్వాత గేటు దగ్గర పేర్లు రాసుకోవడం మొదలైంది, ఆ తర్వాత రాసుకున్న పేర్లలో కొందరినే లోపలికి వదలడం, ఆ తర్వాత తొమ్మిదిమందే. ఆ తొమ్మిదిమందితో మాట్లాడేవి రాసేవారు కాదు. "కాగితం ఎవడి చేతికైనా పోతుంది" అనేవాడు జనరల్. ఎవరిని పట్టుకోవాలి, ఎక్కడికి పంపాలి, ఎవరి పేరు మరిచిపోవాలి, అన్నీ కొమ్ము చేతులు మారేటప్పుడే నోటితో తేలిపోయేవి. పోసేవాడు మాట్లాడడు. పోసేవాడి చెవులు ఎవరికీ గుర్తుండవు.

ఏప్రిల్ పదకొండు, మంగళవారం. వర్షం పడి వెలిసింది, వసారా మెట్ల మీద నీళ్లు. వరసలో నలుగురు: జనరల్, అశ్వికదళం కర్నల్ సిల్వేరో, పోలీసు అధిపతి, పనుల మంత్రి. రైల్వేవాళ్ల సమ్మె రెండోవారం. పోలీసు అధిపతి, "ముందు నడిపిస్తున్నది రైలుకు బ్రేకులు వేసే మనిషి, సోసా" అన్నాడు. "ఏ సోసా?" "లీదియో సోసా. మీ దళంలో పనిచేశాడట." జనరల్ వెండి గొట్టం నోట్లోనే ఉంచుకుని కొంచెంసేపు పీల్చాడు. అగాపితో చేతిలో కెటిల్ ఉంది. మిగతా ముగ్గురి కొమ్ము మంత్రి దగ్గర ఉంది. "పాసో తాకురూ సున్నపు బట్టీకి పంపండి" అన్నాడు జనరల్. "పేరు రాయొద్దు." అక్కడికి వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదని వసారాలో అందరికీ తెలుసు. సిల్వేరో బూటుకు అంటిన బురద గోటితో గీరుకున్నాడు. పోలీసు అధిపతి తల ఊపాడు. జనరల్ ఖాళీ గిన్నె అగాపితో వైపు చాచాడు. అగాపితో నింపాడు. చెయ్యి వణకలేదు. ఆ ఉదయం తను మొత్తం పదిహేడుసార్లు నింపాడు, ఆ తర్వాత చాలా రోజులు అదే గుర్తుకొచ్చేది, పదిహేడు, అందులో పదకొండు ఆ మాట తర్వాత. చేతుల్లోంచి కెటిల్ జారిపడి ఉంటే ఏమయ్యేది. ఏమీ అయ్యేది కాదు, నేల తుడిచేవాళ్లు. అయినా పడి ఉంటే బాగుండేది. పోలీసు అధిపతి నిన్న పొద్దున ఇంట్లోనే కాల్చుకున్నాడు. మంత్రి ఏ దేశంలో ఉన్నాడో తెలియదు. సిల్వేరో ఇవాళ పన్నెండింటికి అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తాడు. ఇక ఆ మాట విన్నవాళ్లు ఎవరు.

వెండి గిన్నె సంగతి ఎవరికీ చెప్పుకోలేదు కానీ, అంతా అక్కడే చెడిందని అగాపితో నమ్మకం. పత్రికలవాళ్లు రేపటి నుంచి కారణాలు రాస్తారు, పత్తి ధర, రైళ్లు, బిషప్పు ఉత్తరం. రాయనీ. రెండేళ్ల కిందట జనరల్‌కు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేసింది. విదేశంలో చదివిన డాక్టరు వచ్చి, పదిమంది నోట్లో పెట్టుకున్న గొట్టం మీరు పెట్టుకోకూడదన్నాడు. డాక్టరు చెప్పింది తప్పని కాదు. మర్నాడు వరసలో జనరల్ వెండి గిన్నె తీసి, "డాక్టరు గొడవ, మీరేమీ అనుకోకండి" అన్నాడు. అగాపితో ముందు గిన్నె నింపి ఆయనకిచ్చి, తర్వాత కొమ్ము నింపి సిల్వేరోకు ఇచ్చాడు. సిల్వేరో దాన్ని చేతిలో పట్టుకుని, తాగకుండా, గొట్టం కొసను చూశాడు. జనరల్ అతని కూతురికి జ్ఞానతండ్రి, చర్చిలో ఆ పిల్లను ఎత్తుకున్నది ఆయనే, ఆ బంధంతోనే బావగారని పిలుపు, ఇద్దరూ పందొమ్మిదేళ్లు ఒకే గొట్టంతో తాగారు. "మా నోళ్లలో ఏముందో ఇప్పుడు తెలిసొచ్చిందా బావగారూ" అన్నాడు సిల్వేరో, నవ్వుతూనే. జనరల్ కూడా నవ్వాడు. ఆరోజు తొమ్మిదిమంది. నెల తిరిగేసరికి ఆరుగురు, ఒకరికి కడుపులో మంట, ఒకరి ఇల్లు దూరం. ఆ తర్వాత నలుగురు. గోడల మీద రాతలు మాసిపోలేదు, వాటిని చదివి నవ్వడం మొదలైంది. వెండి గిన్నె సంగతి సంతకు చేరడానికి వారం పట్టలేదు. ఆఖర్న తాగినవాడు ఇప్పుడు అందరికంటే ముందు, వేరే గిన్నెలో తాగుతున్నాడు.

అశ్వికదళం వసారాలో పోసేవాడు పాబ్లినో, అగాపితో చెల్లెలి మొగుడు. ఈ జూలైలో ఆకు చాలట్లేదని రెండు కిలోలు బదులడిగాడు. "ఎంతమంది కూర్చుంటున్నారేంటి బావా?" "పదమూడు. నిన్న పద్నాలుగు." ఇక్కడ ముగ్గురు, అక్కడ పద్నాలుగు. అగాపితోకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఐనా గురువారం సాయంత్రం పాబ్లినో వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చెప్పాడు. "శనివారం తెల్లారేలోపు. నువ్వు రేపు సాయంత్రం మీ చెల్లెలింటికొచ్చి పడుకో బావా. కాళ్లు నొప్పులని చెప్పు." చెప్పి, ఆకు సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అగాపితో గుమ్మంలో నిలబడే ఉన్నాడు. ఇరవై అడుగుల దూరంలో జనరల్ గది, తలుపు తీసే ఉంది, రేడియో వినిపిస్తోంది. ఆ ఇరవై అడుగులు నడవచ్చు. ముప్పై ఐదేళ్లు ఆయన కోసం నడిచిన కాళ్లే. అతను నడవలేదు. లీదియో కోసమా అని తర్వాత తనను తానే అడిగాడు. అవునని చెప్పుకుంటే బాగుంటుంది. కానీ అలా కూడా కాదు, అప్పుడు లీదియో గుర్తుకు రాలేదు, వెండి గిన్నె గుర్తుకొచ్చింది, దాన్ని తోమడానికి ప్రత్యేకంగా తెచ్చిన బూడిద గుర్తుకొచ్చింది. మర్నాడు పొద్దున కెటిల్ పొయ్యి మీద పెట్టి, అది ఎగిరెగిరి మరుగుతుంటే చూస్తూ నిలబడ్డాడు. దించాలని తోచలేదు. ఆ నీళ్లే పోశాడు. జనరల్ తాగాడు. గిన్నె తిరిగి ఇచ్చాడు. ఏమీ అనలేదు. చెల్లెలింటికి కూడా అతను వెళ్లలేదు. శనివారం వెనక తలుపు తీసింది తనే.

పొగమంచు పలచబడింది. ఆవలి రేవు కొయ్యస్తంభాలు కనిపించాయి, వాటి మీద ఎవరో ఇద్దరు. ఇంకో పదిహేను నిమిషాలు. ఐదో చుట్టో ఆరో చుట్టో నడుస్తోంది, తోలెదో రెండు కొమ్ములకే చాలన్నాడు, ఇద్దరే మిగిలారు. నిన్న రాయబారి కార్యదర్శి, జనరల్ వెంట ఎవరొస్తారని అడిగినప్పుడు, మేనల్లుడు గదిలోనే ఉన్నాడు, డాక్టరు ఉన్నాడు, జనరల్ మాత్రం అగాపితో పేరు చెప్పాడు. మేనల్లుడు ఏడ్చాడు. కార్యదర్శి అగాపితో భుజం తట్టి, "అదృష్టవంతులండీ, ఇంత నమ్మకం ఎవరికి దొరుకుతుంది" అన్నాడు. నిన్న అగాపితో అది నిజమేనని నమ్మాడు. ఇవాళ పొద్దున వాళ్ల వంటింట్లో ఆ కొత్త పొయ్యి మంట తగ్గించబోతూ ఆగిపోయాడు. మేనల్లుడికి ఏమీ తెలియదు. డాక్టరుకు ఊపిరితిత్తులు తెలుసు. ఇరవై మూడేళ్ల ఉదయాలు వసారాలో నిలబడి విన్నవాడు తనొక్కడే. రాయనివన్నీ ఎక్కడున్నాయో జనరల్‌కు తెలుసు. పెట్టెలు రెండే ఇస్తే, మూడో పెట్టెగా ఆయన తనను ఎంచుకున్నాడు.

"అక్కడ ఇల్లిస్తారట" అన్నాడు జనరల్. "నదికి దూరం. వసారా ఉందన్నారు."

"వసారా ఉంటే చాలండీ."

"నీకొక గది. కిటికీ ఉన్నది తీసుకో. నాకు వెలుతురుతో పని లేదు." కొమ్ము చివరిదాకా పీల్చి, ఇవ్వకుండా చేతిలోనే పెట్టుకున్నాడు. "గురువారమే తెలుసు కదా నీకు."

ఇంజను చప్పుడులో తోలెదోకు వినిపించదు. అగాపితో ఫ్లాస్కు మూత బిగించాడు. "తెలుసండీ."

"పాబ్లినో చెప్పాడా?"

"ఎవరు చెబితే ఏంటి లెండి."

"నేనేం చెయ్యను వాణ్ని. ఇప్పుడు కోడిని కోయించే అధికారం కూడా లేదు నాకు." నది వైపు చూశాడు. "శుక్రవారం ఆకు మాడ్చావు. ఎండునేలలో చెట్ల పుల్లల మీద కాచినప్పుడు కూడా మాడ్చలేదు నువ్వు. గుక్క నోట్లో పడగానే అర్థమైంది, ఏదో ఉంది, వీడికి తెలుసు అని."

అగాపితో ఆయన ముఖం చూశాడు. అరవై మూడేళ్ల ముఖం, గీసుకోని గడ్డం. "మరి అడగలేదేమండీ. అడిగితే చెప్పేవాణ్నేమో."

"పోసేవాణ్ని అడగడమా" అన్నాడు జనరల్. అది కోపంగా అనలేదు. మామూలుగా, ఇంకో దారి ఉందని తట్టనివాడిలా అన్నాడు. "గిన్నె కింద పెట్టాలి. అగాపితో, ఏంట్రా సంగతి అనాలి. ఇంకెన్ని ఉదయాలున్నా నేను అది అననని తెలిసిపోయింది. తాగేశాను." కొమ్ము ఇచ్చాడు. "నీ మీద నాకేం లేదు. అందుకే తీసుకెళ్తున్నా."

అందుకే కాదని అగాపితోకు తెలుసు. అందుకు కూడా కావచ్చు. ఆయన ఎప్పుడూ అబద్ధం మొత్తంగా చెప్పేవాడు కాదు, అందులో ఒక గుక్క నిజం ఉండేది. కిటికీ ఉన్న గది ఇస్తాడు. ఆ గదిలో తను ఉదయం ఐదింటికి లేచి నీళ్లు కాస్తాడు, ఇద్దరూ వసారాలో కూర్చుంటారు, ఎండునేల గురించి మాట్లాడుకుంటారు, లీదియో దుంప తవ్వడం గురించి కూడా మాట్లాడుకుంటారు, ఆయనకు ఆ కథ ఇష్టం, లీదియో పేరు నోరారా అంటాడు, తను నీళ్లు పోస్తూ వింటాడు. అలా ఎన్నేళ్లు. యుకేరీలో దెల్ఫీనా ఏ ఆఫీసు మెట్ల మీదో కూర్చుని ఉంటుంది. ఆమె అన్నయ్యా అని ఎందుకంది, తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాడు.

పడవ కొయ్యలకు తగిలి ఆగింది. పైనుంచి ఆ దేశపు లెఫ్టినెంటు ఒకడు చేతిలో కాగితంతో వంగి, "స్వాగతం, జనరల్ గారూ. ఇద్దరు కదా మీరు" అన్నాడు. తోలెదో పెట్టెలు అందించాడు. జనరల్ లేచి, కోటు చేతులు పైకి లాక్కుని, నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి చూశాడు. అగాపితో కూర్చునే ఉన్నాడు. కొమ్ములోంచి గొట్టం బయటికి లాగి, అంచు మీదుగా వంచి, ఆకు మొత్తం నదిలో దులిపేశాడు. వరస ముగిసిందని చెప్పడానికి పోసేవాడు చేసే పని అది. ఎవరింట్లోనైనా అతను ఎప్పుడు దులిపితే అప్పుడు అయిపోయినట్టు. జనరల్ ఇంట్లో మాత్రం ఆయన లేచి వెళ్లాకే దులపాలి, ముప్పై ఐదేళ్లలో ఆయన నిలబడి ఇంకా గడప దాటకముందే దులిపింది లేదు. ఆకు ముద్ద పడవ పక్కనే కాసేపు తేలి, విడిపోయి, కిందికి సాగింది. జనరల్ దాన్నే చూశాడు.

"ఇంకో నాలుగు చుట్లు వచ్చేది ఆ ఆకు" అన్నాడు.

"వచ్చేదండీ."

"దిగు."

అగాపితో కొమ్మునూ గొట్టాన్నీ ఆకు సంచిలో పెట్టి, సంచిని పెట్టెల మీద ఉంచమని తోలెదోకు అందించాడు. "నేను దిగట్లేదండీ." గొంతు ఎలా ఉందో తనకే వినిపించలేదు. జనరల్ మెట్టు మీదే ఆగాడు. ఏదో అంటాడనుకున్నాడు అగాపితో. అనడానికి చాలా ఉన్నాయి, గుక్క నీళ్లతో సహా. పైన లెఫ్టినెంటు చెయ్యి చాచి ఉన్నాడు. "సిల్వేరో నిన్ను బతకనివ్వడు" అన్నాడు జనరల్ చివరికి, ఒక వాతావరణ సమాచారం చెప్పినట్టు. తర్వాత లెఫ్టినెంటు చెయ్యి పట్టుకుని ఎక్కాడు. లెఫ్టినెంటు కాగితం మీద ఒక అంకె కొట్టేసి ఇంకొకటి రాశాడు.

తిరుగు ప్రయాణం ఏటివాలు, అరగంట. ఎండ వచ్చింది. అగాపితో చేతులు ఖాళీగా ఉన్నాయి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఇప్పుడు వణుకుతున్నాయి. "రేవులో ఇద్దర్ని తీసుకెళ్లి ఒకణ్ని వెనక్కి తెచ్చావేంటంటారు మామా, ఏం చెప్పమంటావు" అన్నాడు తోలెదో. "దిగనన్నాడని చెప్పు." "అది నమ్మే రకమేనా వాళ్లు?" నవ్వాడు తోలెదో. దెల్ఫీనా ఇంకా రేవులో ఉంటుందా. తాడు అవతలికి నెట్టేసి ఉంటారా. తను మెట్ల మీద కాలు పెట్టేలోపే సిల్వేరో మనుషులు పట్టుకుంటే, ఆమె దాకా చేరేలోపే పట్టుకుంటే, నోటిదాకా వచ్చింది నోట్లోనే ఉండిపోతుంది. ఒక్కడికే తెలిసి ఉండడం ఎంత తక్కువో అతనికి మొదటిసారి అర్థమైంది. నోరు తెరిచాడు. పోసేటప్పుడు మాట్లాడని అలవాటు, పెదవులు కదిలాయి, మాట ఇంజను చప్పుడులో కలిసిపోయింది.

"ఏంటి?" అన్నాడు తోలెదో.

మళ్లీ చెప్పాడు. తోలెదో చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు, తల అడ్డంగా ఊపాడు, వంగి ఇంజను ఆపేశాడు. నది చప్పుడు ఒక్కటే మిగిలింది. పడవ తనంతట తానే ప్రవాహం మీద రేవు వైపు సాగుతోంది.

"ఇప్పుడు చెప్పు మామా."

"లీదియో సోసా. పాసో తాకురూ సున్నపు బట్టీ. ఏప్రిల్ పదకొండు. పంపమన్నది జనరల్, విన్నది పోలీసు అధిపతి, పనుల మంత్రి, కర్నల్ సిల్వేరో, నేను. నన్ను రేవులో పట్టుకుంటే నువ్వు చెప్పాలి. నీలం శాలువా కప్పుకుని ఉంటుంది, దెల్ఫీనా అని పిలువు."

తోలెదో ఆ పేరు, ఆ చోటు, ఆ తేదీ పెదవులతో అనుకున్నాడు. సిల్వేరో పేరు దగ్గర ఆగి, అది కూడా అనుకున్నాడు. ఇంజను తాడు చేతిలోకి తీసుకుని, లాగకుండా, అగాపితో వైపు చూశాడు.

"ఇంకా ఉన్నారా?"

"ఉన్నారు" అన్నాడు అగాపితో. తోలెదో తాడు వదిలేసి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. అగాపితో రెండో పేరు చెప్పాడు.